మన పూర్వుల పెరటితోటలు – ద్వీపమున విత్తు కాలము



పంచాంగము చూపించుకొనుటకు మా యొద్దకు వచ్చువారు సాధారణముగా వివాహమునకో, గృహప్రవేశమునకో, నామకరణమునకో ముహూర్తము అడుగుదురు. వృద్ధులలో కొందరు మాత్రము ఆ పని ముగిసి లేచునప్పుడు, మృగశిర ఎప్పుడు ప్రవేశించును, వంగనారు పోయవచ్చునా అని అడుగుట నేటికిని కలదు. ఇంట క్రియోలు మాటాడువారైనను కార్తె పేరు తెలుగుననే పలుకుదురు. ఆ పేరు వినుట మాకు సంతోషమే. కాని ఆ ప్రశ్నకు పంచాంగములో ఉన్నది ఉన్నట్లు బదులు చెప్పినచో వారి నారు చెడిపోవచ్చును. అది ఎట్లో, ఈ మారిషసు ద్వీపమున మన పూర్వులు విత్తు కాలమును ఏ విధముగా తెలిసికొనిరో, మాకు తెలిసినంతమట్టుకు ఇందు వ్రాయుచున్నాము.

సూర్యుడు ఇరువదియేడు నక్షత్రములను ఒక సంవత్సరములో దాటును. ఒక్కొక్క నక్షత్రమున 13 లేక 14 దినములు నిలుచును. ఆ నిలుకడయే కార్తె. తిథులు ఏటేట ముందు వెనుకలగును గాని కార్తెలు సూర్యుని పట్టుకొని నడచునవి గనుక ప్రతి సంవత్సరము ఇంచుమించు ఒకే తేదీలలో వచ్చును: రోహిణి మే 25 ప్రాంతమున, మృగశిర జూను 7 లేక 8న, ఆరుద్ర జూను 21 లేక 22న. అందుచేతనే ఆంధ్రదేశపు కర్షకునకు అవి గడియారము వంటివి. రోహిణి ఎండకు రోళ్లు పగులునని అచట వాడుక. మృగశిరలో తొలకరి, ఆరుద్రలో నారుమళ్లు. పెరటిలోను అంతే. తొలకరి తడికి బీర, ఆనప, పొట్ల, బెండ గింజలు పాతుదురు. వానలు వెనుకబట్టి చలిగాలి తిరిగిన పిమ్మట ధనియాలు, మెంతులు చల్లుదురు.

ఈ గడియారమును తలలో పెట్టుకొని మనవారు ఓడ యెక్కిరి. ఒప్పందపు కూలీలతో 'అట్లాస్' అను ఓడ కలకత్తా నుండి పోర్ట్ లూయీ రేవునకు 1834 నవంబరు 2న చేరినది. అందు వచ్చినవారు 36 మంది. అది మొదలు 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షల జనము భారతదేశము నుండి ఈ ద్వీపమునకు దిగిరి. వారిలో విశాఖపట్టణము, గంజాము, గోదావరి ప్రాంతముల తెలుగువారును ఉండిరి. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు పేరుతో మనవారిని 'కొరింగీ'లని పిలిచెడివారు. తొలినాటి ఒప్పందములలో సాధారణముగా నెలకు 5 రూపాయల జీతము, దినమునకు 2 పౌనుల బియ్యము, కొంత పప్పు, ఉప్పు వ్రాయబడి యుండెను. కూరగాయలు లేవు. బియ్యము కొలిచి యిచ్చిన దొరకు కూర సంగతి జ్ఞాపకము రాలేదు కాబోలు! గుడిసె ప్రక్కనున్న నాలుగు మూరల నేలలో ఏమి మొలచిన అదియే కూర.

ఆ నాలుగు మూరల నేలలో మన ముత్తవ్వలు చూచినదేమి? రోహిణి కార్తెలో రోళ్లు పగులుటకు మారుగా, క్యూర్‌పీప్ మెట్టమీద కంబళ్లు బయటికి వచ్చుచుండెను. మృగశిర నాటికి చలి, గాలి, సన్నని తుంపర. మాఘమాసపు చలికి మ్రాకులు వణకునని విన్నవారికి, ఇచట మాఘమున ఒడలంతయు చెమట. శివరాత్రికి చలి శివశివా యని వెడలిపోవునని అక్కడి మాట. మనమో ఆ పండుగకు గ్రాండ్ బాసిన్ గంగా తలావునకు నడచునప్పుడు నడివేసవి వానలో తడియుదుము. ఉగాది పచ్చడికి లేత మామిడి కావలెను. ద్వీపమున మామిడి నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు కాయును గనుక చైత్రము వచ్చునప్పటికి చెట్టు ఖాళీ.

నీడ కూడ తిరిగిపోయినది. దీనిని చెప్పువారు తక్కువ గాని తోటకు ఇది ముఖ్యము. ఆంధ్రదేశమున చలికాలపు సూర్యుడు దక్షిణముగా వాలి నడచును గనుక ఇంటికి దక్షిణముననున్న పెరడు వెచ్చగా నుండును. మన ద్వీపము భూమధ్యరేఖకు దక్షిణమున సుమారు 20 డిగ్రీల దూరముననున్నది. ఇచట సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చునది నవంబరు మూడవ వారమునను, జనవరి మూడవ వారమునను. ఆ నడుమ రెండు నెలలు తప్ప తక్కిన సంవత్సరమంతయు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరముననే యుండును. అనగా జూను, జూలై మాసములలో ఇంటి నీడ దక్షిణపు మడుల మీద పడును. పాత అలవాటు చొప్పున అచట కొత్తిమీర చల్లినవారికి అది నీరసించి పసుపుబారును. అదే గింజ ఉత్తరపు మడిలో పచ్చగా లేచును. నేటికిని పాత తెలుగు కుటుంబముల ఇండ్లలో ఆకుకూరల మడులు ఉత్తరముననుండుట మేము అనేక చోట్ల చూచితిమి. కారణమడిగిన, "అమ్మమ్మ అట్లే వేసెను" అని చెప్పుదురు.

పురోహితులమైన మాకు ఇంకొక చిక్కు తటస్థపడును. మకర సంక్రాంతి ఉత్తరాయణ పుణ్యకాలము. ఉత్తరాయణమున పగలు పెరుగునని పిల్లలకు నేర్పుదురు. ఇచట డిసెంబరు 22 దాటిన నాటి నుండి పగలు తరుగును. శాస్త్రము తప్పినదా? తప్పలేదు. సూర్యుడు ఉత్తరమునకు పోవుననుట ఇచటను సత్యమే; పోవువాడు మన నెత్తిమీదుగా పోవుచున్నాడు, అంతే. పూజకు ఏ లోటును లేదు. కాని మొక్కకు సూర్యుడు ఏ రాశిలోనున్నాడను దానితో పని లేదు. పగలెంత పొడవు, ఎండ యెంత, తడి యెంత అనునదియే పని.

దీనికి చిక్కుడుకంటె మంచి సాక్షి లేదు. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పాయసము నివేదించుట మన ఆచారము. ఆంధ్రదేశమున ఆ నాటికి పాదులు కాయలతో నిండియుండును. ఏలయన పాతరకపు చిక్కుడు, పగలు కురచయగుచున్నప్పుడే పూయు జాతి. అచట కార్తిక మార్గశిరములలో పగలు కురచ. ఇచటనో, జూనులో పగలు 11 గంటలకు కొంచెము తక్కువ, డిసెంబరులో 13 గంటలకు పైన. కావున అదే చిక్కుడును డిసెంబరులో పాతినను జనవరిలో పాతినను తీగ మాత్రము పందిరంతయు అల్లుకొనును, పూత పూయదు. ఏప్రిలు, మే మాసములలో పగలు తగ్గిన పిమ్మట గాని గెలలు కనబడవు. రథసప్తమికి మనకు ఆకులు కావలసినన్ని దొరకును, కాయలు దొరకవు! నేడు అంగళ్లలో అమ్ము పొట్టి రకములకు ఈ నియమము లేదు గాని, మన ముత్తవ్వల కాలమున అవి లేవు. ఈ కాయను ద్వీపమున 'అంతాక్' అందురు. అది మడగాస్కరు మాట. మనకంటె ముందు బానిసలుగా తేబడిన మలగాసీలు దీని నెరిగియుండిరి. చిక్కుడు ఎప్పుడు పూయునో మనవారు పంచాంగములో చూచి తెలిసికొనలేదు. కంచెకు ఆవలనున్న ఆ మలగాసీ వారసుల పాదులను చూచి తెలిసికొనిరనుకొనుట సమంజసము.

ఇంతవరకు చదివినవారు, అట్లయిన చిక్కేమున్నది, కార్తెలను ఆరు నెలలు త్రిప్పివేసినచో సరిపోవును గదా అందురు. మృగశిర నుండి ఆరు నెలలు లెక్కించిన జ్యేష్ఠ, మూల కార్తెలు, అనగా డిసెంబరు మొదటి సగము వచ్చును. వానలు నిజముగా ఆ తరువాతనే బలపడును. ఈ ఉపాయము వినుటకు ఇంపుగానే యున్నది. కాని ద్వీపము తలక్రిందు చేసిన ఆంధ్రదేశము కాదు. అచట ఎండిన నేలపై ఒక్కసారిగా తొలకరి విరుచుకొని పడును. ఇచట సముద్రపు గాలి సంవత్సరమంతయు కొంత తడి తెచ్చును. వాతావరణ శాఖవారి లెక్క ప్రకారము 1971 నుండి 2000 వరకు సగటున సంవత్సరమునకు 2,010 మిల్లీమీటర్ల వాన కురిసినది. అందు మూడింట రెండు వంతులు నవంబరు నుండి ఏప్రిలు వరకు, తక్కినది చలికాలమున. వేసవికి చలికాలమునకు సగటు ఉష్ణములో భేదము 4 డిగ్రీలకు కొంచెము ఎక్కువ, అంతే. దానికి మారుగా చోటును బట్టి భేదము చాల పెద్దది. పడమటి తీరమున ఏటికి సుమారు 900 మిల్లీమీటర్లు కురియగా, నడిమి మెట్టమీద 4,000 కు పైగా కురియును. రెండు గంటల ప్రయాణములో ఎండకారు తోటయు వానకారు తోటయు చూడవచ్చును. కాబట్టి "ఏ కార్తెలో" అని అడుగుటకు ముందు "ఏ ఊరిలో" అని అడుగవలెను. నల్లనది ప్రాంతమున చలికాలమున చెంబుతో నీరు పోయనిదే తోటకూర కూడ మొలవదు; మెట్టమీద అదే నెలలో నీరు నిలిచి వేళ్లు కుళ్లును.

ఇక ఒప్పందపు కాలమున వీటన్నిటికంటె బలమైన గడియారము మరొకటి యుండెను. అది ఎస్టేటు గంట. తెల్లవారక మునుపే హాజరు పిలుపు. ఆదివారము కూడ ఉదయమున కొంత వెట్టి. ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి కోయు 'డబుల్ కట్' అను పద్ధతి అమలులోనుండెను. చెరకు కోత జూను, జూలైలలో మొదలై డిసెంబరు వరకు సాగును. దీనిని 'లా కూప్' అందురు. గమనింపుడు: మే నుండి సెప్టెంబరు వరకు గల చల్లని మాసములే కొత్తిమీర, మెంతి, ముల్లంగి, టమాట మొదలగువానికి మేలైన కాలము. పెరటికి మంచి కాలము, చెరకునకు కోత కాలము ఒకటే అయ్యెను. నేల పిలుచునప్పుడు మనిషికి తీరిక లేదు. మనిషికి కొంచెము తీరిక చిక్కునప్పుడు ఆకాశమున గాలివాన. మన పూర్వుల పెరటి చరిత్రలో అన్నిటికంటె కష్టమైన భాగము ఇదియేయని మా అభిప్రాయము. దేశము మారుట కష్టమే. కాలము చేతిలో లేకపోవుట అంతకంటె కష్టము. గుమ్మము ముందరి చిన్న మడులు, వంటనీరు పారు చోట పెట్టిన చేమ, కరివేప, మునగ చెట్లు అట్లే పుట్టియుండవలెను. అవి పిలిచిన వేళకు వచ్చి చూడనక్కరలేని మొక్కలు. వేరూనిన మునగకు, కరివేపకు ఎక్కువ సంరక్షణ అక్కరలేదు. ద్వీపమున క్రియోలు మాటాడు ప్రతివారును నేడు మునగాకును 'బ్రెద్ మురుం' అనియు, కరివేపాకును 'కారిపులే' అనియు, కొత్తిమీరను 'కొతోమిలి' అనియు అందురు. ఇవి తమిళ సోదరుల నోట నుండి వెళ్లిన మాటలు. మొక్క దక్షిణ దేశపుది, వాడుక అందరిది.

గాలివానల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. నవంబరు నుండి మే వరకు వాని కాలము. జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములలో ఉధృతము. ఏప్రిలు సగము గడచినచో ఇక భయము లేదని 1892 వరకు జనులు నమ్మియుండిరి. ఆ యేడు ఏప్రిలు 29న, భరణి కార్తెలో, వచ్చిన గాలివాన పోర్ట్ లూయీ నగరములో మూడవ వంతును నేలమట్టము చేసి వేయి మందికి పైగా బలిగొన్నది. 1945లో ఒకే వేసవిలో మూడు గాలివానలు వచ్చినవి. అప్పటికే యుద్ధమువలన బర్మా బియ్యము నిలిచిపోయి, చెరకు నేలలో కొంత భాగమున మొక్కజొన్న, కర్రపెండలము వేయించుచుండిరి. 1960 జనవరిలో ఆలిక్స్, ఫిబ్రవరి చివర కారోల్ వచ్చెను. కారోల్ గాలి గంటకు 256 కిలోమీటర్ల వేగమున వీచినది.

ఈ దెబ్బలనుండి పెరటికి రెండు నియమములు ఏర్పడినవి. మొదటిది: పందిరి కాయలు గాలివానకు ముందే చేతికి రావలెను. ఆనప, బీర, పొట్ల గింజలను ఆగస్టు చివర లేక సెప్టెంబరులో పాతినచో నవంబరు, డిసెంబరు మాసములలో కాపు వచ్చును. నడుమ అక్టోబరు సంవత్సరమంతటిలో వాన తక్కువైన మాసము గనుక ఆ నెల నీరు మోయక తప్పదు. దేశాచారమును అనుసరించి వానలు బలపడిన పిమ్మట పాతినవారి తీగలు, సరిగా పిందె పట్టునప్పటికి గాలికి పోవును. రెండవది: వేసవికి నేలలోపలి పంట నమ్మదగినది. కర్రపెండలమును లా బూర్దొన్నే దొర పదునెనిమిదవ శతాబ్దమున ఈ ద్వీపమునకు తెప్పించెను. బానిసలకు తిండి కొరకు తెచ్చిన దుంప అది. మనవారు మొదట దానిని చిన్నచూపు చూచిరేమో గాని, పైనున్న కొమ్మ విరిగినను క్రిందనున్న దుంప నిలుచునని ఒక్క గాలివానతో తెలిసియుండును. చిలగడదుంప, చేమ కూడ అంతే. గాలి తగ్గిన మరునాడే తోటకూర విత్తులు చల్లినచో నెలనాళ్లలో కూర వచ్చును. 2024 జనవరి 15న బెలాల్ వచ్చి పోర్ట్ లూయీ వీధులు వరదపాలైన తరువాత బజారులో కొత్తిమీర, టమాట ధరలు చూచినవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్దము చివర ఎస్టేటులు తమ అంచు భూములను ముక్కలు చేసి అమ్మినప్పుడు మనవారిలో కొందరు స్వంత నేల సంపాదించిరి. అంతకు ముందు 1867 చట్టము ప్రకారము ఒప్పందము ముగిసినవారు కూడ తమ ఛాయాపటము అంటించిన చీటీ వెంట నుంచుకొనవలసి యుండెను. ఈ బాధలను తెలుపుచు 1871లో ఆడోల్ఫ్ ద ప్లెవిట్జ్ వ్రాసి యిచ్చిన విన్నపముపై 9,401 మంది సంతకములు చేసిరి. స్వంత నేల వచ్చిన పిమ్మట కాలము కొంత చేతికి వచ్చినది. చెరకు కొట్టిన సాళ్ల నడుమ, మరల చెరకు ఎదిగి నీడ కప్పులోపల, బంగాళాదుంప, టమాట, మొక్కజొన్న పండించు నేర్పు వృద్ధియైనది. చెరకు కోతయే ఇచట కార్తెయైనది. ఒకప్పుడు పెరటికి శత్రువుగా నుండిన కోత, సాళ్ల సేద్యమునకు విత్తు కాలమును తెలుపు గురుతైనది.

మరి చంద్రుని మాట? శుక్లపక్షమున ఆకు, కాయ కూరలు, కృష్ణపక్షమున దుంపలు వేయవలెనని మన పెద్దలును క్రియోలు తోటమాలులును కూడ అందురు. పరిశోధనలు దీనిని బలపరచినట్లు లేదు. అయినను దీనిని మేము కాదనము: పక్షమునకొకమారు కొంచెము కొంచెముగా విత్తు అలవాటు దీనివలన నిలుచును, కొత్తిమీరకు కావలసినది సరిగా అదియే. చంద్రుని కళ అచటను ఇచటను ఒకటే. కడలి దాటి మారనిది పంచాంగములో అదొకటి. కాని తిథి పట్టింపునకు సూర్యోదయము ముఖ్యము. ఒక తిథి భారతదేశపు కాలమున ఉదయము 7 గంటలకు ముగిసినదనుకొనుడు. విశాఖపట్టణమున అప్పటికే సూర్యుడుదయించెను గనుక ఆ దినము ఆ తిథియే. అదే క్షణమున మన గడియారము 5 గంటల 30 నిమిషములు చూపును. ఏప్రిలులోనైనచో ఇంకను సూర్యోదయము కాలేదు. ఉదయించునప్పటికి తరువాతి తిథి నడచుచుండును. అందుచేత మన ద్వీపపు సూర్యోదయమునకు గణించిన పంచాంగమునే చూడవలెను. అందున్న కార్తె ఫలములను, వాన లెక్కలను మాత్రము పెరటికి ఎక్కింపరాదు. అవి ఆ దేశపు ఆకాశమునకు వ్రాసినవి.

2020 మార్చి 24న వ్యాధి భయముచేత అంగళ్లన్నియు మూసినప్పుడు మరునాడే ఉగాది. అనేకులు వంటింటి డబ్బాలలోని ధనియాలను, మెంతులను తీసి పెరటిలో చల్లిరి. వారికి తెలిసి చేసినను తెలియక చేసినను అది సరియైన అదను: వేసవి వానలు వెనుకబట్టు కాలము, చల్లని మాసములు ముందున్నవి. మే నెలలో ఆలయమునకు ఆకుకూరలు తెచ్చి యిచ్చినవారు కొందరు కలరు. కావున మృగశిర గూర్చి అడుగువారికి మేమిట్లు చెప్పుచున్నాము. వంగనారు మృగశిరలో పోయవద్దు, చలికి ఎదగదు. ఆగస్టు నెలలో పోయుడు. కొత్తిమీరను ఉగాది మొదలు పక్షమునకొక మడి చొప్పున ఆగస్టు వరకు చల్లుడు. ధనియాలను అరచేత నలిపి రెండు చేసి, ఒక రాత్రి నానవేసి, ఉత్తరపు ఎండ తగులు మడిలో వేయుడు. పాతరకపు చిక్కుడు గింజలు ఎవరి ఇంటనైన మిగిలియున్నచో రథసప్తమి నాడు ఒక గుప్పెడు ఆలయమునకు తెచ్చి యిండు. ఆలయపు కంచె వెంబడి పాతి, మే నెలలో పూత చూపించి, కాయలు ముదిరిన పిమ్మట గింజలు అందరికి పంచెదము.